రైతు శిక్షణ వీడియోల కోసం వెళ్లిన స్టూడియో: ప్లానింగ్‌కి మాత్రం పూర్తి మార్కులు

మాది గుంటూరులో మిర్చి ఎగుమతి యూనిట్. క్వాలిటీ పనంతా నేను చూస్తాను. మాకు సరుకు ఇచ్చే రైతులకి, షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్లకి శిక్షణ వీడియోలు కావాలని విజయవాడ మొగల్రాజపురంలో ఉన్న ఈ స్టూడియోకి వెళ్లాం. కెమెరా పని బాగుంది. నాకు అంతకన్నా నచ్చింది కెమెరా బయటికి తీయకముందు వాళ్లు చేసిన కసరత్తు.

మొదటి మీటింగ్‌లోనే మా ఎండీ గారు "కంపెనీ చరిత్ర, మిర్చి యార్డు, రైతులు, అన్నీ కలిపి పదిహేను నిమిషాల్లో లాగించేయండి" అన్నారు. అంతకుముందు వేరేవాళ్లు అచ్చం అలాగే చేసిచ్చారు. డ్రోన్ షాట్లు, మ్యూజిక్ అన్నీ ఉన్నాయి, కళ్లంలో మాత్రం ఏ రైతూ ఒక్క పని కూడా మార్చుకోలేదు. ఇక్కడ ప్రాజెక్టు చూసే మేడమ్ ఆయన చెప్పిందంతా విని, "ఇది చూశాక రైతు మర్నాడు పొద్దున ఏ పని వేరేగా చెయ్యాలి సార్?" అని అడిగారు. మేం తలా ఒక జవాబు చెప్పాం. అవన్నీ బోర్డు మీద రాసి, ఒక్కొక్కటే కొట్టేయించి, అసలు సంగతి దగ్గరికి తెచ్చారు.

అసలు సంగతి అఫ్లాటాక్సిన్. యూరప్‌కి వెళ్లే ఎండుమిర్చిలో బి1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు మించకూడదు. కంటికి కనపడని విషం అది, నిమ్ము తగిలిన కాయ మీద పెరిగే బూజు నుంచి వస్తుంది. ఈ సైన్సంతా రైతుకి పాఠంలా చెప్పొద్దని మేడమ్ గట్టిగా చెప్పారు. రైతు చేతిలో ఉన్న పనులే తీసుకున్నారు: నేల మీద కాకుండా పట్టాల మీద ఎండబెట్టడం, రాత్రి మంచు పడకుండా కప్పడం, తాలుకాయ (రంగు పోయి తెల్లబడ్డ కాయ) ఏరేయడం, నీళ్లు చల్లకపోవడం, తేమ పది పదకొండు శాతానికి దిగాకే టిక్కీలకెత్తడం, అంటే బస్తాల్లో నింపడం. పనికొక చిన్న వీడియో, అంతే.

నీళ్ల ముక్క దగ్గరే వీళ్ల విలువ తెలిసింది. స్క్రిప్టులో "నీళ్లు చల్లరాదు" అని నేనే రాయించాను. మేడమ్ దాన్ని పట్టుకుని సత్తెనపల్లి వైపు ఒక కళ్లానికి వచ్చి చదివి వినిపించారు. అక్కడి పెద్దాయన, "చల్లకపోతే టిక్కీలో తొక్కేటప్పుడు కాయ విరిగి గింజ రాలుద్ది, యార్డులో రేటు కోస్తారు. మరేం జెయ్యమంటావమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు లేకుండా వీడియో తీయనన్నారామె. చివరికి ఎండెక్కకముందు, కాయ కాస్త మెత్తగా ఉన్నప్పుడే, తేమ మీటరు పెట్టి చూసుకుని టిక్కీలకెత్తే పద్ధతి చూపించాం. ఆ పెద్దాయన కళ్లంలోనే తీశాం.

అన్నీ ఒకేసారి తీయకుండా ముందు ఒక్కటే నమూనాగా చేసి మా షెడ్డులో ఆడవాళ్ల ఫోన్లలో వేసి చూపించారు. ఫ్యాన్ల హోరులో మాట వినపడలేదు. పైగా "అట్టా లాగితే కాయ చీలుద్ది, ఆ పిల్లకి తొడిమ తియ్యడం రాదు" అని వాళ్లే తప్పు పట్టారు. వీడియోలో ఉన్నది స్టూడియో అమ్మాయి చేతులు. ఆ ముక్క తీసేసి, మా దగ్గర ఎప్పటి నుంచో పనిచేసే ఒకావిడ చేతులతో మళ్లీ తీశారు. మాట వినపడకపోయినా బొమ్మ చూస్తే పని తెలిసేలా మిగతా స్టోరీబోర్డులన్నీ (తీయబోయే సీన్లకి ముందే గీసుకునే బొమ్మలు) మార్చారు.

ఇలా దశలవారీగా శిక్షణ తయారుచేసే పద్ధతి కొత్తదేం కాదు. 1975లో అమెరికా సైన్యం కోసం ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ రూపొందించిన పద్ధతే ఇప్పుడు ఆడీ (ADDIE) పేరుతో చాలామంది వాడుతున్నారు. మన దగ్గర చిన్న స్టూడియోవాళ్లు దాన్ని ఇంత ఓపిగ్గా పాటించడం నేను చూడటం ఇదే.

ఒప్పందంలో రెండు షరతులు పెట్టారు. మా వైపు నుంచి ఓకే చెప్పేది ఒక్కరే. స్క్రిప్టు మీద సంతకం పడ్డాకే వాయిస్ రికార్డింగ్. ఎండీ గారు మొదట చిరాకుపడ్డారు గానీ, ఈసారి "మా బావమరిది చూసి ఇది మార్చమన్నాడు" లాంటి గొడవలే రాలేదు.

లోపాలూ ఉన్నాయి. ప్లానింగ్‌కి విడిగా తీసుకుంటారు, మాకు మొత్తం బిల్లులో ఆరో వంతు దాకా అయింది. నాకది దండగ అనిపించలేదు. బొమ్మలు గీసే కుర్రాడు ఒక్కడే కావడంతో ఆలస్యం బాగా అయింది. తెర మీద తెలుగంతా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టారు, దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అర్థంకాని గుర్తులొచ్చాయి. అడిగాక యూనికోడ్‌లోకి మార్చిచ్చారు. ఎడిటింగ్ ఫైళ్లు మనకిస్తారా లేదా అన్నది కొటేషన్‌లో ఉండదు, అడ్వాన్సు ఇచ్చేముందే రాయించుకోండి.

మిర్చి రైతుల కోసం చేయించేవాళ్లు దసరా అయిన వెంటనే వెళ్లండి. కాగితం మీద పని తేలడానికే సంక్రాంతి వస్తుంది, కళ్లాలు నిండుగా ఉండేది ఆ తర్వాతే. సీజన్ దాటితే తీయడానికి కాయ ఉండదు.