ముఖం మీది టిక్స్‌కి సీబీఐటీ శిక్షణ: ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకి ఎంతవరకు పనికొస్తుంది?

రెప్పలు టపటపా కొట్టుకోవడం, ముక్కు చిట్లించడం, కనుబొమలు ఎగరేయడం, దవడ పక్కకి లాగడం, ఉన్నట్టుండి ముఖమంతా ముడుచుకుపోవడం. ఇలాంటి టిక్స్‌కి మందులు లేకుండా ఇచ్చే శిక్షణ సీబీఐటీ. పూర్తి పేరు కాంప్రెహెన్సివ్ బిహేవియరల్ ఇంటర్వెన్షన్ ఫర్ టిక్స్. ఈ నాలుగక్షరాలే గూగుల్‌లో కొడితే హైదరాబాద్‌లో గండిపేట ఇంజినీరింగ్ కాలేజీ ముందుకొస్తుంది. ‘టిక్స్’ అనో, ‘హ్యాబిట్ రివర్సల్’ (ఈ శిక్షణకి మూలమైన, అలవాటు మార్చే పద్ధతి) అనో పక్కన చేర్చి వెతకండి.

మా అంచనా ముందే చెప్పేస్తాం. నిజంగా టిక్స్ ఉన్న పెద్దవాళ్ళు మందులకంటే ముందు ప్రయత్నించదగ్గ సేవ ఇది. ఆటిజం కూడా ఉన్నప్పుడు కోర్సుని పుస్తకంలో ఉన్నట్టే నడిపితే ఐదుకి రెండు మార్కులు, మనిషికి తగ్గట్టు మార్చి నడిపితే నాలుగు.

కోర్సు సాధారణంగా 10 వారాల్లో 8 సెషన్లు. మొదటి రెండూ గంటన్నర చొప్పున, మిగతావి గంట. ఆ తర్వాత నెలకొకటి చొప్పున కొన్ని గుర్తుచేసే సెషన్లు. దీని వెనక గట్టి ఆధారమే ఉంది. 2010లో 126 మంది పిల్లల మీద, 2012లో 16 ఏళ్ళు దాటిన 122 మంది మీద అమెరికాలో ప్రయోగాలు జరిగాయి. పెద్దవాళ్ళలో ఈ శిక్షణ తీసుకున్నవాళ్ళలో 38 శాతం మందికి స్పష్టమైన మెరుగు కనిపించింది. ఊరికే ధైర్యం చెప్పే కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళలో అది 6 శాతమే. 2019లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ కూడా ప్రవర్తన చికిత్సల్లో ముందుగా దీన్నే సూచించింది. కానీ పిల్లల మీద జరిగిన ఆ పెద్ద ప్రయోగంలో ఆటిజం వర్గపు నిర్ధారణ ఉన్నవాళ్ళని చేర్చుకోలేదు. అందుకని ఆ అంకెలే ఆటిజం ఉన్నవాళ్ళకీ వర్తిస్తాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. పైగా 38 శాతం అంటే సగంకంటే తక్కువ. మెరుగు అంటే తగ్గడమే, పూర్తిగా పోవడం కాదు.

ఫీజు కట్టేముందు తేల్చుకోవాల్సింది, ముఖంలో కదులుతున్నది అసలు టిక్కేనా అన్నది. ఎక్కువ డబ్బు, ఎక్కువ బాధ వృథా అయ్యేది ఇక్కడే. టిక్ చటుక్కున వస్తుంది, ఒకే తీరులో తిరిగి తిరిగి వస్తుంది. చాలామందికి దానికి ముందు అక్కడ దురదలాంటిదో, బిగుతులాంటిదో తెలుస్తుంది, కదిలించాక కాస్త తెరిపి కలుగుతుంది. కాసేపు ఆపుకోనూ గలరు. సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ళ వయసులో మొదలై పది, పన్నెండేళ్ళప్పుడు ఎక్కువగా ఉంటుంది. స్టిమ్మింగ్, అంటే ఆటిజం ఉన్నవాళ్ళు తమని తాము కుదుటపరచుకోవడానికి ఒకే కదలికని పదే పదే చేయడం, అలా కాదు. ఇంకా చిన్నప్పుడే మొదలవుతుంది, లయగా సాగుతుంది, సంతోషంలోనో, చప్పుళ్ళు, వెలుతురు మీద పడినప్పుడో మనిషిని నిలదొక్కుకోనిస్తుంది. దాన్ని ఆపించడానికి ఈ శిక్షణ వాడకూడదు. వాడితే ఆ మనిషి చేతిలో ఉన్న ఊతకర్ర లాగేసుకున్నట్టే.

మూడోది, మన ఇళ్ళల్లో ఎక్కువ మాటలు పడేది: సందర్భానికి పొసగని ముఖకవళిక. పరామర్శకి వెళ్ళినచోట పెదవుల మీద నవ్వు కనబడుతుంది, పెళ్ళి ఫొటోలో ముఖం మొద్దుబారినట్టు ఉంటుంది, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే వెక్కిరిస్తున్నట్టు అనిపిస్తుంది. ఆటిజంలో లోపలి భావానికీ ముఖానికీ మధ్య లంకె వేరుగా ఉంటుంది. ఆ నవ్వులో అగౌరవం లేదు. ఇది టిక్ కాదు కాబట్టి సీబీఐటీతో మారేదీ లేదు. దీన్ని ‘సరిచేస్తాం’ అని ఎనిమిది సెషన్లు అమ్మే చోటికి వెళ్ళకండి. ఇంటివాళ్ళకి ఒక్కసారి విడమరిచి చెప్పడం అంతకంటే పనికొస్తుంది.

డాక్టర్ దగ్గరికి ముందు వెళ్ళాల్సినవీ కొన్ని ఉన్నాయి. రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటి మానసిక చికిత్స మందులు నెలల తరబడి వాడాక పెదవులు చప్పరించడం, నాలుక మెలికలు తిరగడం మొదలైతే అది టార్డివ్ డిస్కినీసియా కావచ్చు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ ఎక్కువకాలం వాడినా ఇలా రావచ్చు. మందు సొంతంగా ఆపేయకుండా, రాసిన డాక్టర్‌కి వెంటనే చూపించాలి. ముఖంలో ఒకే సగం అదురుతూ, నిద్రలో కూడా ఆగకపోతే అది హెమీఫేషియల్ స్పాజమ్ కావచ్చు. అదిరేటప్పుడు మాట ఆగిపోయి, ఆ తర్వాత కాసేపు అయోమయంగా ఉంటే మూర్ఛేమో చూడాలి. కింది రెప్ప సన్నగా అదరడం మాత్రం చాలాసార్లు అలసట, నిద్రలేమి, కాఫీల వల్లే. శకునాలూ అక్కర్లేదు, శిక్షణా అక్కర్లేదు. పెద్దయ్యాకే మొదటిసారి మొదలైన ఏ కదలికైనా ముందు న్యూరాలజిస్టు చూడాలి. రెప్పల టిక్ అనుకున్నది కళ్ళు పొడిబారడమో, అద్దాల పవర్ మారడమో కూడా కావచ్చు కనుక కంటి పరీక్ష చేయించుకోవడం మంచిది.

టిక్కే అని తేలాక పని ఇలా సాగుతుంది. ఉన్న టిక్స్ అన్నీ రాసి, ఎక్కువ ఇబ్బంది పెట్టేదాన్ని పైన పెడతారు. ఒక సెషన్‌లో ఒక్క టిక్‌నే పడతారు. ముందు ఏ కండరం కదులుతుంది, దానికి ముందు ఏమనిపిస్తుంది అన్నది గుర్తుపట్టడం మొదటి మెట్టు. తర్వాత, వచ్చేలా అనిపించగానే లేదా వచ్చిన వెంటనే, దానికి అడ్డుపడే వేరే కదలికని కనీసం ఒక నిమిషం, టిక్‌కి ముందొచ్చే ఆ తహతహ (దురద, బిగుతు లాంటిది) అప్పటికీ ఉంటే అది దిగేదాకా, పట్టి ఉంచాలి. రెప్పల టిక్‌కి మూడు నుంచి ఐదు సెకన్లకొకసారి మెత్తగా, కావాలనే రెప్ప వేస్తూ, ఐదు పది సెకన్లకొకసారి చూపు కిందికి దించాలి. ముక్కు చిట్లింపుకి పై పెదవిని కాస్త కిందికి లాగి పెదవులు రెండూ కలిపి నొక్కిపట్టాలి. దవడ లాగే టిక్‌కి పళ్ళు తేలిగ్గా ఆనించి నోరు మూసి ఉంచాలి. తల విదిలింపు కూడా ఉంటే గడ్డం కాస్త లోపలికి తీసుకుని మెడని కొద్దిగా బిగించాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు బలం ఎక్కువ పెట్టడం. పళ్ళు గట్టిగా కొరికిపడితే వారానికల్లా దవడ నొప్పి, తలనొప్పి తయారవుతాయి. పక్కన కూర్చున్నవాళ్ళకి తెలియనంత తేలిగ్గా ఉండాలి. ‘నొక్కండి’ అని మాత్రమే చెబితే ఆటిజం ఉన్న మనిషి ఆ మాటని అక్షరాలా పాటించి పూర్తి బలంతో నొక్కవచ్చు. ‘పదిలో రెండు వంతుల బలంతో’ అని చెప్పాలి. ఇంకోటి, మాట్లాడుతూ పెదవులు నొక్కిపట్టలేరు. క్లాసులు చెప్పేవాళ్ళకి, ఫోన్ మీద పని చేసేవాళ్ళకి వాక్యం పూర్తయి ఆగినచోట చేసేలా విడిగా సాధన చేయించాలి.

ఆటిజంలో అసలు చిక్కు మొదటి మెట్టులోనే. ఒంట్లో కలిగే స్పర్శలని పసిగట్టడం చాలామందికి కష్టం. ఆకలి, మూత్రం లాంటివే ఆలస్యంగా తెలిసేవాళ్ళకి ముక్కు దగ్గర ఒక క్షణం ముందొచ్చే బిగుతు ఎలా తెలుస్తుంది? ‘తహతహ సున్నా నుంచి పది దాకా ఎంత?’ అని అడిగితే ‘ఏమో’ అంటారు. థెరపిస్టు దాన్ని సహకరించకపోవడం అనుకుంటాడు. కోర్సు అక్కడే చెడుతుంది. బాగా నడిపేవాళ్ళు తహతహని పక్కనపెట్టి కంటికి కనిపించే గుర్తు మీద పని చేయిస్తారు. పది అంకెల స్కేలు బదులు ‘లేదు, కొంచెం, గట్టిగా’ అనే మూడు గడులు ఇస్తారు. ఐదు నిమిషాలు చదువుతున్నప్పుడు, ఐదు నిమిషాలు ఊరికే ఉన్నప్పుడు, ఐదు నిమిషాలు మాట్లాడుతున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీయించి, నెమ్మదిగా తిప్పి చూస్తూ టిక్ ఏ కదలికతో మొదలైందో పట్టుకుంటారు. కెమెరా ముందు టిక్స్ తగ్గిపోవచ్చు కాబట్టి మొదటి వీడియోనే లెక్కలోకి తీసుకోకూడదు. తన ముఖం తాను చూసుకోవడం భరించలేనివాళ్ళకి థెరపిస్టే చూసి మాటల్లో రాసివ్వాలి. సెషన్లో కళ్ళలోకి చూడమని ఒత్తిడి పెట్టకూడదు. ఇంటి సాధన నోటిమాటగా కాక ఒక కార్డు మీద రాసి ఇవ్వాలి, రోజూ ఒకే వేళకి పెట్టాలి.

రెండో చిక్కు మాస్కింగ్. నలుగురిలో మామూలుగా కనబడటానికి రోజంతా ముఖాన్ని అదుపులో పెట్టుకుని సాయంత్రానికి సొమ్మసిల్లేవాళ్ళకి ఇది మరో ఆంక్షలా వినబడుతుంది. టిక్‌ని ఆపుకుంటే తర్వాత రెట్టింపై వస్తుందన్న భయం ప్రయోగాల్లో నిలబడలేదు. కానీ ఆపుకోవడంలో ఉన్న అలసట నిజం. కాబట్టి ఏ టిక్ మీద పని చేయాలో ఆ మనిషే ఎంచుకోవాలి, తల్లిదండ్రులు కాదు, మేనేజర్ కాదు. నొప్పి పుట్టించే మెడ విదిలింపు, చదువుకి అడ్డొచ్చే రెప్పల టిక్ లాంటివి ఎంచుకోదగ్గవి. చూసేవాళ్ళకి బాగోలేదన్న ఒక్క కారణంతో ఎంచుకున్నవి మాకు సమ్మతం కాదు.

కోర్సులో మనవాళ్ళు తక్కువగా పట్టించుకునేదీ, మాకు ఎక్కువ విలువైనదిగా అనిపించేదీ రెండో భాగం. టిక్ ఎక్కడ, ఎప్పుడు పెరుగుతోంది, ఆ తర్వాత చుట్టూ ఏం జరుగుతోంది అని చూసి పరిసరాలని మార్చడం. మినుకుమనే ట్యూబ్‌లైట్ కింద రెప్పల టిక్ పెరిగితే లైటు మార్చాలి, కూర్చునే చోటు మార్చాలి. ‘కళ్ళు అలా ఆర్పకురా’ అని ఇంట్లో అన్న ప్రతిసారీ టిక్ మీదికి ధ్యాస మళ్ళి అది ఇంకా రావచ్చు. కాబట్టి ఇంటిల్లిపాదికీ ఒకటే నియమం: దాని గురించి ఏమీ అనకూడదు. రిలాక్సేషన్ కూడా నేర్పుతారు. కండరాలు బిగించి వదిలే పద్ధతిలో ముఖం వంతు టిక్‌ని రేపుతుంటే ఆ భాగం వదిలేసి పొట్టతో శ్వాస తీయడం దగ్గరే ఆగాలి.

దీంతో తగ్గకపోతే మందులున్నాయి. క్లోనిడిన్ మగతనిస్తుంది, బీపీ తగ్గిస్తుంది, ఒక్కసారిగా ఆపేస్తే బీపీ ఎగబాకుతుంది. అరిపిప్రజోల్‌తో బరువు పెరగడం, కాలు నిలవనివ్వని అస్థిమితం రావచ్చు. ఒకే చోట గట్టిగా ఉన్న టిక్‌కి బొటులినం ఇంజెక్షన్ ఇస్తారు. మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది, రెప్ప వాలిపోయే ప్రమాదం ఉంటుంది. నుదుటికి వేస్తే కవళికలు ఇంకా తగ్గుతాయి. ముఖం చదవడం కష్టమన్న మాట ముందే పడుతున్నవాళ్ళు ఇది తూచుకోవాలి. బ్రిటన్‌లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన న్యూపల్స్ అనే మణికట్టు పరికరం కూడా ఆశ కలిగిస్తోంది. ఇది మణికట్టు గుండా వెళ్ళే మీడియన్ నరానికి లయగా చిన్న విద్యుత్ స్పందనలు ఇస్తుంది. 2023లో వెలువడిన 121 మంది ప్రయోగంలో టిక్స్ తగ్గాయి. అది చదివి ఆన్‌లైన్‌లో దొరికే మామూలు నొప్పుల టెన్స్ మెషీన్ మణికట్టుకి కట్టుకోకండి. స్పందనల వేగం, బలం వేరు.

థెరపిస్టుని ఎంచుకునేటప్పుడు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, క్లినికల్ సైకాలజిస్టులకి అది ఉండాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. దగ్గర్లో ఎవరూ లేకపోతే వీడియో సెషన్లు ఫర్వాలేదు, ముఖం టిక్స్‌కి కెమెరా దగ్గరగా ఉండటం ఒక సౌకర్యం కూడా. తమ ముఖం తమకి కనబడకుండా సెల్ఫ్ వ్యూ ఆపుకుంటే చాలు. మొదటి ఫోన్‌లోనే మూడు ప్రశ్నలు అడగండి. పెద్దవాళ్ళ టిక్స్‌కి హ్యాబిట్ రివర్సల్ చేయించారా? తహతహ తెలియని మనిషికి ఏం మారుస్తారు? స్టిమ్మింగ్ కనబడితే ఏం చేస్తారు? మూడోదానికి ‘అదీ మాన్పిస్తాం’ అని జవాబొస్తే అక్కడ డబ్బు కట్టకండి.