గడప, ఒక్క కబోర్డు తలుపు తప్ప అన్నీ నిలిచాయి: మూడున్నరేళ్ల నీటి పీయూ పాలిష్

మా నల్లకుంట ఇంట్లో టేకు తలుపులకి, గడపకి, డైనింగ్ టేబుల్‌కి, వంటగది కబోర్డులకి 2022 జూలైలో నీటి రకం పీయూ, అంటే థిన్నర్ బదులు నీళ్లతో చేసిన పాలీయూరిథేన్ పాలిష్ వేయించాం. మూడున్నరేళ్లు దాటింది. షాపులో చూపించే సాంపిల్ ముక్క వేరు, రోజూ పసుపు చేతులు తగిలే తలుపు వేరు. అందుకే రాస్తున్నాను.

ఇది ఎంచుకోవడానికి కారణం నాన్న ఆయాసం. పాత ఇంట్లో థిన్నర్ కలిపే మెలమైన్ పాలిష్ చేయించినప్పుడు థిన్నర్ వాసన వారాల తరబడి పోలేదు, ఆయన వరండాలోనే పడుకునేవారు. ఈసారి స్ప్రే చేసిన రెండు రోజులూ ఉప్పల్‌లో అక్క వాళ్లింటికి పంపాం. మూడో రాత్రి తన మంచం మీదే నిద్రపోయారు. నాకు ఆ ఒక్కటి చాలు. అయితే వాసన తక్కువ కదా అని స్ప్రే జరుగుతుంటే పక్కనే నిలబడకండి. పొర గట్టిపడడానికి ఇందులో కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. ఆ తుంపర్లు ఊపిరితిత్తులకు మంచివి కావు, ఆయాసం ఉన్నవాళ్లకి మరీను. మేస్త్రీ మూతికి కర్చీఫ్ కట్టుకుని వచ్చాడు. నేను రాణిగంజ్ వెళ్లి సరైన మాస్క్ తెచ్చి ఇచ్చేదాకా పని మొదలుపెట్టనివ్వలేదు.

ఆ మేస్త్రీ ఇరవై ఏళ్లుగా థిన్నర్ పాలిషే చేశాడు. డబ్బా మూత తీసి, "ఇది పాల లెక్క ఉంది, నీళ్లు కలిపినంక ఏం నిలుస్తది సార్" అన్నాడు. మొదటి కోటు పడగానే చెక్క పీచు లేచి చెయ్యి పెడితే గరుగ్గా తగిలింది. "చూసిన్రా" అన్నట్టు నా వైపు చూశాడు. నీళ్లు తగిలితే పీచు లేవడం మామూలే. 320 నంబర్ ఎమరీ పేపర్‌తో మెల్లగా రుద్ది రెండో కోటు వేస్తే నున్నగా వచ్చింది.

అసలు దెబ్బ భోజనం వేళ తగిలింది. మాది రెండు డబ్బాల రకం, ఒకదాంట్లో పీయూ, ఇంకోదాంట్లో హార్డ్‌నర్. కలిపాక రెండు మూడు గంటల్లో వాడేయాలి. థిన్నర్ పీయూ అయితే గడువు దాటితే చిక్కబడుతుంది, బ్రష్ పెడితేనే తెలిసిపోతుంది. నీటి రకాల్లో చాలావాటికి ఆ గుర్తు ఉండదు. పొద్దున ఎంత పల్చగా ఉందో మధ్యాహ్నమూ అంతే పల్చగా కనిపిస్తుంది, లోపల హార్డ్‌నర్ మాత్రం నీళ్లతో కలిసి ఖర్చయిపోతూ ఉంటుంది. మేస్త్రీ తినొచ్చి, మిగిలింది పారబోయడం ఎందుకని సింక్ కింది తలుపుకి కొట్టేశాడు. ఆ రోజు తేడా ఏమీ కనిపించలేదు. ఆరు నెలలకి ఆ ఒక్క తలుపే మసకబారింది, గోటితో గీస్తే గీత పడేది. దాని పక్కన, పొద్దున కొట్టిన తలుపు ఇప్పటికీ కొత్తదానిలా ఉంది. డబ్బా ఒకటే, చెయ్యి ఒకటే.

ముసురు రోజుల్లో పెట్టుకోవడం మా రెండో తప్పు. కోటు ఆరడానికి మర్నాడు పొద్దుటిదాకా ఆగాల్సి వచ్చింది. హార్డ్‌నర్ నీళ్లతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. పొర మందంగా పడినచోట అది బయటికి పోలేక సూదిమొనంత బుడగలు మిగిలాయి. అలాగని మే నెల ఎండలోనూ వద్దు, బ్రష్ తిప్పేలోపే ఆరిపోయి అతుకులు కనిపిస్తాయి.

డైనింగ్ టేబుల్‌కి మాత్రం వంక పెట్టను. పట్టుకుంటే ఆరినట్టే ఉన్నా పొర పూర్తిగా గట్టిపడడానికి వారం పైనే పడుతుందని విని, పదిహేను రోజులు దాని మీద గ్లాసు కూడా పెట్టనివ్వలేదు. ఇంట్లో అందరూ నవ్వారు. తర్వాత ఆవకాయ నూనె, సాంబారు, వేడి గిన్నెలు, శానిటైజర్ అన్నీ చూసింది. ఒకసారి పులిహోర పసుపు రాత్రంతా ఉండిపోయి మరక పట్టింది. టేబుల్ బాల్కనీ పక్కన ఉండడంతో ఎండకి కొన్నాళ్లలో దానంతటదే వెలిసింది. పసుపు రంగు వెలుతురికి ఆగదు.

రంగు సంగతి మీ ఇష్టం. థిన్నర్ పాలిష్‌లో టేకుకి వచ్చే తేనె రంగు ఇందులో రాదు, చెక్క కాస్త చప్పగా కనిపిస్తుంది. ఆ రంగు కావాలంటే ముందు చెక్కకి రంగు ఎక్కించే స్టెయిన్ వేయించుకోవాలి. దీనికి బదులుగా, ఏళ్లు గడిచినా పొర పసుపు రంగుకి తిరగలేదు.

మేనల్లుడు పాలిమర్లలో పరిశోధన చేస్తున్నాడు. మా డబ్బాలో మిగిలినదానిలో హార్డ్‌నర్ వేయకముందే నానోసెల్యులోజ్ జెల్ కొద్దిగా, ఒక శాతం లెక్కన కలిపి టేకు ముక్క సగానికి రాశాడు, మిగతా సగానికి ఉత్త పీయూ. నానోసెల్యులోజ్ అంటే చెక్క గుజ్జులోంచే తీసిన పీచు. వాడు వాడిన స్ఫటికాల రకం కొన్ని నానోమీటర్ల వెడల్పు, ఓ వంద రెండు వందల నానోమీటర్ల పొడవు ఉంటుందట. పొడవు దిశలో దాని బిగువు, అంటే లాగితే సాగకుండా నిలిచే గుణం, సుమారు 150 గిగాపాస్కల్స్, మామూలు గాజు పీచుది 70 దగ్గర. నీళ్లంటే దానికి ఇష్టం కాబట్టి థిన్నర్‌లో ఉండలు కట్టేది ఇందులో సులువుగా కలుస్తుంది. ఆ ముక్క పధ్నాలుగు నెలలుగా మా స్టవ్ పక్కన గిన్నెలు దించే పీటగా ఉంది. జెల్ కలిపిన సగం మీద గీతలు తక్కువ. కానీ ఏటవాలుగా చూస్తే పల్చటి మంచు పట్టినట్టుంది, పైగా తడి గిన్నె రాత్రంతా ఉంటే ఆ సగంలోనే తెల్ల వలయం పడి, ఆరాక పోతుంది. నీళ్ల మీద ఇష్టం అక్కడా పోలేదన్నమాట. షాపులో దొరికినా ఇప్పుడే కొనను.

ఇక గడప. అమ్మ ప్రతి శుక్రవారం కడిగి, పసుపు రాసి, బొట్లు పెడుతుంది. రెండో ఏడు తిరక్కముందే అతుకుల దగ్గర నీళ్లు దిగి పొర పెచ్చులు లేచింది. ఒకసారి మళ్లీ వేయించాం, మళ్లీ అదే కథ. ఈ వేసవిలో దాన్ని చెక్కదాకా గీకించి, పాలిష్ లేకుండా అవిసె నూనె పట్టిస్తాం. ఆరేదాకా ఒక్క శుక్రవారం ఆగమని అమ్మని ఒప్పించే పని మాత్రం నాన్నకి అప్పగించాను.