ఫిస్కే–సుబ్బారావు ఫాస్ఫరస్ కిట్: డిగ్రీ ప్రయోగశాలలో పనితీరు

సీరమ్‌లోని (రక్తం గడ్డకట్టిన తరువాత మిగిలే ద్రవంలోని) ఫాస్ఫరస్‌ను ఫిస్కే–సుబ్బారావు పద్ధతిలో కొలిచే రీజెంట్ కిట్‌ను మా డిగ్రీ కళాశాల బయోకెమిస్ట్రీ ప్రయోగశాలకు తెప్పించి, ఈ విద్యాసంవత్సరమంతా విద్యార్థుల చేత వాడించాము. పెట్టెలో ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం, ఆమ్లంలో కలిపిన అమోనియం మాలిబ్డేట్, ఫాస్ఫరస్ స్టాండర్డ్, గోధుమరంగు సీసాలో ఏఎన్‌ఎస్‌ఏ అని పిలిచే అమైనో నాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లం ఉన్నాయి. డిగ్రీ స్థాయి ప్రాక్టికల్స్‌కు ఇంతకంటె మంచి కిట్ నాకు కనిపించలేదు.

మొదటి ఆమ్లంతో సీరమ్‌లోని ప్రోటీన్లు తెల్లగా విరిగి అడుగుకు దిగుతాయి. వడకట్టిన ద్రవానికి మాలిబ్డేట్, ఆ తరువాత ఏఎన్‌ఎస్‌ఏ కలిపితే ట్యూబులో లేతనీలం మొదలై క్రమంగా చిక్కబడుతుంది. పది నిమిషాలు ఆగి, రంగు చిక్కదనాన్ని కొలిచే కలరీమీటర్‌లో 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చదవాలి; ఫాస్ఫరస్ ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దల సీరమ్‌లో డెసిలీటరుకు సుమారు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉండాలి. మా విద్యార్థుల ఫలితాలు దాదాపు అన్నీ ఆ హద్దుల్లోనే వచ్చాయి.

నాకు నిజంగా బాధ కలిగించినది కిట్‌తో వచ్చే కరపత్రం. అందులో పద్ధతి పేరు తప్ప ఆ పేరులోని మనుషుల గురించి ఒక్క వాక్యమైనా లేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌ను మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లి ఆచార్యుని ఆగ్రహానికి గురైనందువల్ల, ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన ఇద్దరు అన్నదమ్ములను బలిగొన్నది. ఆయన కూడా దాని బారినపడి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించి, మామగారి సాయంతోను కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి అండతోను 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు.

ఆ తరువాత అక్కడి జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరి సుబ్బారావు చేసిన మొదటి పెద్ద పని ఈ పెట్టెలో ఉన్నదే. అంతకు ముందు వాడుకలో ఉన్న బెల్–డోయిసీ పద్ధతిలో రంగు నిలకడగా ఉండేది కాదు. అందులో నీలం రంగు తెప్పించడానికి వాడే హైడ్రోక్వినోన్‌కు బదులు ఏఎన్‌ఎస్‌ఏ వాడి వీరిద్దరూ ఆ లోపాన్ని సరిదిద్ది 1925లో ప్రచురించారు. ఇదే పరీక్షను కండర సారంపై చేసినప్పుడు రంగు ఆలస్యంగా, అంతకంతకూ పెరుగుతూ రావడం గమనించి, ఆమ్లంలో విడిపోయే సమ్మేళనం ఏదో అందులో ఉన్నదని పసిగట్టారు. కండరంలో శక్తిని నిలవచేసే ఆ సమ్మేళనమే 1927లో వెల్లడించిన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో వారు కండరం నుంచి, కణాల పనులకు శక్తినందించే ఏటీపీని కూడా వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అనే శాస్త్రవేత్త అదే ఏడాది స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. సుబ్బారావుకు పిహెచ్.డి. వచ్చింది 1930లో, అంటే ఇదంతా జరిగిన తరువాతే. పది నిమిషాలకు చదవమని మాత్రమే చెప్పే కరపత్రం, ఆ నిమిషాలను జాగ్రత్తగా గమనించడం వల్ల ఎంతటి విషయం బయటపడిందో చెప్పకపోవడం పెద్ద కొరత. నేను తరగతిలో ఈ కథ చెప్పిన తరువాతనే పిల్లలు గడియారం చూస్తూ రీడింగులు తీయడం మొదలుపెట్టారు.

వాడకంలో రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. ఏఎన్‌ఎస్‌ఏ సీసా పెద్దది కావడంతో, తెరిచిన తరువాత అది పూర్తిగా ఖర్చయ్యేలోపే ద్రావణం రంగు మారింది. మొదటి తరగతిలో సీరమ్ లేని బ్లాంక్ ట్యూబులు సైతం నీలంగా మారాయి. ట్యూబులు కడిగిన డిటర్జెంట్‌లో ఫాస్ఫేట్ ఉండడమే దానికి కారణం. డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు కడిగిస్తే సరిపోయింది కానీ, ఈ హెచ్చరిక కరపత్రంలోనే ఉండవలసింది. ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుందన్న సూచన మాత్రం పెద్ద అక్షరాలతో స్పష్టంగా ఇచ్చారు.

రోజుకు వందల నమూనాలు చూసే ఆసుపత్రి ల్యాబ్‌లకు యంత్రమే పరీక్ష అంతా చేసే ఆటోఎనలైజర్ పద్ధతులే తగినవి. రసాయన చర్యను కళ్లారా చూపవలసిన డిగ్రీ, పారామెడికల్ కళాశాలలు దీనిని నిస్సందేహంగా కొనవచ్చు; ఆర్డరు పెట్టేటప్పుడు ఏఎన్‌ఎస్‌ఏను చిన్న సీసాలలో ఇవ్వమని అడగడం మంచిది.