చెన్నై నుంచి కాకినాడకు తెరచాప పడవ: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు

పటంలో మొగ (నదో కాలవో సముద్రంలో కలిసే చోటు) కనిపించిన ప్రతిచోటా పడవ ఆపుకోవచ్చనుకుంటే ఈ తీరంలో ఇబ్బంది పడతారు. తిరుపతి నుంచి నలుగురం వెళ్లిన పడవ 32 అడుగులది, కీల్ (పడవ అడుగున ఉండే రెక్క) నీళ్లలోకి 1.6 మీటర్లు దిగుతుంది. అలాంటి పడవకు చెన్నై దాటాక దాదాపు 70 నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.85 కి.మీ., కింద మైళ్లన్నీ ఇవే), అంటే కృష్ణపట్నం దాకా, తలదాచుకునే చోటు ఒక్కటీ లేదు. కాబట్టి ముందు పడవ ఎంత లోతు అడుగుతుందో చూసుకుని, మజిలీలు ఆ తర్వాత ఎంచుకోండి.

ఉత్తరానికి వెళ్లాలంటే ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి ఆఖరు వరకు మంచి కాలం. అప్పటికి తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది. ఒక్క నాట్ (గంటకు ఒక నాటికల్ మైలు) తోడైనా రోజుకు 24 మైళ్లు కలిసొస్తాయి. మధ్యాహ్నం నుంచి ఆగ్నేయపు సముద్రగాలి వెనక పక్కనుంచి తగులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలీ ప్రవాహమూ రెండూ ఎదురే, పైగా తుఫాన్లు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి వలల బెడద తగ్గుతుంది. కానీ మర పడవలన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉండటంతో చేపల రేవుల్లో మీ పడవకు చోటు దొరకదు.

చెన్నైలో సాయంత్రం నాలుగింటికి బయల్దేరండి. తీరానికి దూరంగా జరిగే చుట్టుతో కలిపి 80 మైళ్లు, 5 నాట్ల వేగంతో 16 గంటలు. పొద్దున ఎనిమిదికల్లా వెలుతురులో కృష్ణపట్నం ముందుంటారు. పులికాట్ వైపు ఆశ పెట్టుకోకండి. సరస్సు సగటు లోతు మీటరు చుట్టుపక్కలే, మొగలు ఇసుకతో పూడుకుపోతుంటాయి. దాని బయట శ్రీహరికోట దీవి ఉంది. అక్కడ దిగడానికీ లంగరు వేయడానికీ లేదు. రాకెట్ ఉన్న వారంలో ప్రయాణమే పెట్టుకోవద్దు. ప్రయోగం వాయిదా పడితే సముద్రంలో మూసిన ప్రాంతం గడువు కూడా దానితోపాటే జరుగుతుంది, మీరు చెన్నైలో రేవు అద్దె కడుతూ కూర్చోవాలి. బయల్దేరే రోజు నౌకా హెచ్చరికలు, ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) వారి అలల సూచన, రెండూ చూసి తీరాలి.

దుగరాజపట్నం ఎదురుగా ఆర్మగాన్ ఇసుక మేట ఉంది. 1626లో ఈస్టిండియా కంపెనీ అక్కడ స్థావరం పెట్టి, పదిహేనేళ్లు కూడా నిండకముందే మద్రాసుకు తరలిపోయింది. రాత్రిపూట తీరానికి 12 మైళ్లు తగ్గకుండా పోతే మేట తప్పుతుంది, వలలూ తగ్గుతాయి. వల గుర్తు ఒక వెదురు కర్ర, నల్ల గుడ్డ, కింద థర్మోకోల్ ముక్క. దీపం ఉండదు. తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే వెంటనే ఇంజన్‌ను న్యూట్రల్‌లో పెట్టండి. రివర్స్ వేస్తే విడిపోతుందనుకుంటారు గానీ అది ఇంకా బిగుసుకుని షాఫ్ట్ సీలు (ఇరుసు పక్కనుంచి నీళ్లు లోపలికి రాకుండా ఆపే బిగింపు) దాకా పాకుతుంది. తెరచాప దించి, రంపపు పళ్ల కత్తిని గెడకు కట్టి పైనుంచే కోయాలి. నీళ్లలోకి దిగాల్సి వస్తే పగలే, నడుముకు తాడు కట్టుకునే.

ఇక ఒళ్లు మండిన సంగతి. దారిలో ఒకచోట రేవు ఏజెంటు ఫోన్లో 'అన్నీ కలిపి 3,000' అన్నాడు. పడవ లోపలికి వచ్చాక 9,500 అడిగాడు. వివరాలు రాసివ్వమంటే రసీదు ఉన్నవి 2,150 రూపాయలకు మాత్రమే, మిగతాదంతా 'సర్వీసు'. గంటన్నర వాదిస్తే 4,000కి దిగాడు. రేవులోకి రాకముందే ఏ పనికెంతో వాట్సాప్‌లో రాయించుకోండి, దేని రసీదు దానికే అడగండి. రిజిస్ట్రేషన్, బీమా, రేడియో లైసెన్స్, అందరి ఆధార్ నకళ్లు నాలుగేసి జతలు దగ్గరుంటే సగం బేరం అక్కడే తెగిపోతుంది.

ఆ ఏజెంటే చూపించిన లాడ్జిలో ఏసీ గది 1,800. కుళాయిలో బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి. పడవవాళ్లు గది తీసుకునేదే ఒంటి మీదా బట్టల మీదా ఉన్న ఉప్పు వదిలించుకోవడానికి. ఉప్పునీళ్లలో జాడించిన బట్ట గాలిలో తేమ లాగి ఎన్నటికీ ఆరదు, తొడల మధ్య ఒరుపు పడుతుంది. డబ్బు కట్టకముందే కుళాయి నీళ్లు నోట్లో వేసుకుని చూడండి. మాతో వచ్చిన చిత్తూరు మిత్రుడికి అక్కడే మనసు విరిగి ఇంటికి పోతానన్నాడు. ఇలాంటివాళ్లకు కృష్ణపట్నం దగ్గరే ఆఖరి సులువైన దారి. గూడూరు చేరి రైలెక్కితే రేణిగుంట మీదుగా తిరుపతి. ఆ తర్వాత దిగడం కష్టం కాబట్టి ఎవరు ఆగుతారో అక్కడే తేల్చుకోండి.

కృష్ణపట్నం నుంచి నిజాంపట్నం నూరు మైళ్లకు కాస్త పైనే. చేపల రేవు కాలవ లోపల ఉంటుంది, మొగ దగ్గర ఇసుక అడ్డం. పోటుకూ పాటుకూ తేడా మీటరు చుట్టుపక్కలే, ఆ మీటరే మన కీల్‌కు ఆధారం. పోటు నిండటానికి రెండు గంటల ముందు లోపలికి వెళ్లాలి. అప్పుడు అడుగు తగిలినా పెరిగే నీరు లేపుతుంది, పాటులో తగిలితే గంటల తరబడి ఒరిగి పడుకోవాల్సిందే. అలలు మీటరున్నర దాటితే బయటే ఆగండి.

అక్కడి మర్యాద మాత్రం ఎంత చెప్పినా తక్కువే. మొగ బయట తచ్చాడుతుంటే ఒక మర పడవ సరంగు (పడవ నడిపే పెద్ద) వేగం తగ్గించి, 'అన్నా, నా వెనకాలే రా, ఎడమకు పోవాకు, అక్కడ మెరక' అని అరిచాడు. కట్టుకోవడానికి తన పడవ పక్కనే చోటిచ్చాడు. 500 ఇవ్వబోతే తీసుకోలేదు, పైగా నాలుగు కానగంత చేపలు ఇచ్చాడు. వాటిని పడవ స్టవ్ మీదే చింతపండు పులుసు పెడితే, అలిగిన చిత్తూరాయన మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. అక్కడ ఐసు, మంచినీళ్లు దొరుకుతాయి. డీజిల్ మాత్రం డ్రమ్ముల్లోది, అడుగున నీళ్లుంటాయి. జాలీ గరాటుతో వడకట్టండి, ఇంజన్ ఫిల్టర్లు రెండు అదనంగా ఉంచుకోండి.

సరుకులు తిరుపతిలోనే కొనండి. బొరుగులు, ఊరిబిండి, రాగిపిండి, నిమ్మకాయ ఊరగాయ. మొదటి రాత్రి నూనె వంట వద్దు. వాంతుల మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక పని చేయదు. నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, పైన సగం అదనం. నలుగురికి నాలుగు రోజులకు 20 లీటర్ల క్యాన్లు ఐదు.

మచిలీపట్నం మొగ మెరక, వదిలేయండి. నిజాంపట్నం నుంచి కాకినాడ 150 మైళ్లు దాటుతుంది, ఒక రాత్రి పూర్తిగా సముద్రంలోనే. కృష్ణా ఒండ్రు దూరం దాకా మేట వేస్తుంది కాబట్టి దివి కొసకు పది మైళ్లు ఎడం ఉంచండి, గోదావరి మొగల దగ్గరా అంతే. హోప్ ఐలాండ్ చుట్టి లోపలికొస్తే కాకినాడ అఖాతం నిశ్చలం. అడుగున మెత్తటి బురద, లంగరు బాగా పట్టుకుంటుంది. ఐదు మీటర్ల నీళ్లు, పోటుకు ఒకటి, పడవ అంచు ఎత్తు ఒకటి, మొత్తం ఏడు. దానికి ఐదింతలు, 35 మీటర్ల గొలుసు వదలండి. కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093. రేడియోలో 16వ ఛానల్ ఎప్పుడూ తెరిచే ఉంచాలి. తిరుగు ప్రయాణానికి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ తిరుపతి, చిత్తూరు రెండింటిలోనూ ఆగుతుంది, కాకినాడ చేరే రోజు ఖాయం కాదు కాబట్టి టికెట్ ఒక రోజు ఆలస్యంగా ఉండేలా తీసుకోండి.