పావుచక్రం బ్లాకులకు ఆక్రిలిక్ టెంప్లేట్లు: రెండేళ్ల వాడకం తర్వాత

డ్రంకర్డ్స్ పాత్ బ్లాకుల (పావుచక్రం బట్టముక్కను ఎల్ ఆకారపు ముక్కకు కుట్టి చేసే క్విల్ట్ చదరాలు) కోసం ఈ మూడు ముక్కల టెంప్లేట్ల (బట్ట మీద పెట్టి కోసే అచ్చులు) సెట్టును రెండేళ్లుగా వాడుతున్నాను. ఒకటి పావుచక్రం కత్తిరించడానికి, ఒకటి ఎల్ ముక్కకు, మూడోది కుట్టాక బ్లాకును చదరం చేయడానికి. కొనదగ్గ సెట్టే. పెట్టిన డబ్బుకు న్యాయం చేసేది మాత్రం ఆ మూడో ముక్కే.

ఎందుకంటే ఇందులో బట్టను కావాలనే పెద్దగా కోస్తాం. పూర్తయ్యాక 3 అంగుళాలు ఉండాల్సిన బ్లాకుకు ఎల్ ముక్క బయటి అంచు 4 అంగుళాలు. కుట్టాక నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున తీసేస్తే, పక్క బ్లాకులతో కుట్టే మార్జిన్‌తో కలిపి 3½ మిగులుతుంది. వంపు దగ్గర మాత్రం అదనం లేదు, కుట్టుకు కావాల్సిన సరిగ్గా పావు అంగుళం మార్జినే. కాబట్టి వంపు కుట్టులో వచ్చిన తేడాను చివరి కటింగ్ సరిచేయలేదు.

కోసేటప్పుడు 45 మి.మీ. రోటరీ కట్టర్ (చక్రంలా తిరిగే బ్లేడు) ఎల్ ముక్క లోవంపులో తిరగక అంచును కొరికేస్తుంది. 28 మి.మీ. బ్లేడు హాయిగా తిరుగుతుంది. వంపు వెంట బట్ట క్రాస్‌లో (నేతకు ఏటవాలుగా) ఉంటుంది, పట్టుకుంటే సాగుతుంది. అందుకే గంజి పెట్టి ఇస్త్రీ చేశాకే కోయాలి. టెంప్లేటు అడుగు నున్నగా ఉండి జారుతుంది. మూలల్లో గరుకు కాగితం బిళ్లలు అంటించాక ఆ బాధ తీరింది.

రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే అస్సలు అతకవనిపిస్తుంది. 2 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంపుకు పావుచక్రం అంచు 2¼ దగ్గర, ఎల్ అంచు 1¾ దగ్గర ఉంటాయి. అంచుల పొడవుల్లో సుమారు ముప్పావు అంగుళం తేడా. కానీ కుట్టు పడే గీత రెండింటికీ ఒకటే. రెండూ సగానికి మడిచి నడుమ గుర్తు పెట్టుకుని, అక్కడో గుండుసూది, రెండు కొసల్లో చెరొకటి గుచ్చితే చాలు. ఎల్ ముక్క పైన ఉండాలి, సాగదీసి సర్దాల్సింది అదే. కుట్టు పొడవు 2 మి.మీ., ఆపినప్పుడు సూది బట్టలోనే. మూడు నాలుగు కుట్లకోసారి ఫుట్ (బట్టను నొక్కిపట్టే మిషను పాదం) ఎత్తి ముడత పక్కకు తోయాలి. చివర ఎల్ ముక్క పావుచక్రాన్ని దాటి బయటికొచ్చిందంటే మధ్యలో దాన్ని లాగేశామని అర్థం. విప్పి మళ్లీ కుట్టడమే మేలు. ఎల్ మార్జినంతా గాట్లు పెట్టమని సెట్టుతో వచ్చిన కాగితం చెబుతుంది. ఈ సైజుకు అవసరం లేదు, పైగా మార్జిన్ బలం పోతుంది.

మార్జిన్లను ఎల్ ముక్క వైపు తిప్పే ఇస్త్రీ చేయాలి. అటు తిప్పితే పావుచక్రం మార్జిన్ ఉన్న తీరునే పడుకుంటుంది, ఎల్ మార్జిన్ కాస్త సాగితే సరిపోతుంది. పావుచక్రం వైపు తిప్పితే దాని మార్జిన్ కుంచించుకోవాలి. బట్ట సాగినంత సులువుగా కుంచించుకోదు, అక్కడే గుబ్బలు లేస్తాయి. ఇస్త్రీపెట్టెను రుద్దకుండా ఒత్తి ఎత్తాలి.

చదరం చేసేటప్పుడు మూడో ముక్క మీది వంపు గీతను కుట్టు మీద పెడతాం. నేను గీతను నమ్మి ఊరుకోను. వంపు రెండు కొసల్లోనూ కుట్టు నుంచి బయటి అంచుకు 1¼ అంగుళం వస్తోందా అని చూస్తాను. ఒక కొసలో 1¼, రెండోదాంట్లో 1⅛ ఉంటే టెంప్లేటును కొద్దిగా తిప్పి తేడాను రెండు వైపులా పంచాలి. లేకపోతే పక్క బ్లాకుతో అతికినప్పుడు వంపులు కలవక మెట్టులా కనిపిస్తాయి. ఎల్ మూల వైపు రెండు అంచులు ముందు కోసి, బ్లాకును సగం చుట్టు తిప్పి, కోసిన అంచులను 3½ గీతలకు ఆనించి మిగతా రెండూ కోయాలి.

లోపాలూ ఉన్నాయి. నడుమ గుర్తు కోసం ఇచ్చిన గాడి మరీ సన్నం, పెన్సిల్ మొన దూరదు. గీతలు ఒకవైపే అచ్చువేశారు. ఆ వైపు పైకి పెడితే ఆక్రిలిక్ మందం వల్ల చూపు పక్కకు జరిగి కొలత తప్పుతుంది, కాబట్టి అచ్చు బట్టకే తగలాలి. అలా రాసుకుని రాసుకుని నా సెట్టులో వంపు గీత సగం చెరిగిపోయింది. కొత్తది కొన్న రోజే ఆ గీత మీద పారదర్శక టేపు అంటించుకోండి.