చూసేవాళ్ల చేతుల్లోనే జరిగే పేక మ్యాజిక్: చాలాకాలం ప్రదర్శించాక నా అంచనా

కొన్నేళ్లుగా చిన్న సమావేశాల్లో, పెద్ద సభల్లో, వీడియో కాల్స్‌లో పేక మ్యాజిక్ చేస్తున్నాను. నా చేతివేగం మీద ఆధారపడిన అంశాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. ప్రేక్షకులే ముక్కలు కలిపి, ఎంచుకుని, చివరి ఆశ్చర్యాన్ని తమ చేతుల్లోనే చూసుకునే అంశాలు మాత్రం నిలిచాయి.

వాటిలో మొదటి స్థానం స్పెయిన్ మెజీషియన్ వుడీ అరగాన్ రూపొందించిన చింపిన ముక్కల అంశానిదే. ఒక్కొక్కరికి 4 ముక్కలు ఇస్తాం. వాళ్లే కలుపుకుని, నాలుగింటినీ కలిపి సగానికి చింపి, ఒక సగాన్ని రెండో సగం మీద పెడతారు. ఇప్పుడు చేతిలో 8 సగాలున్నాయి, మొదటి నాలుగింటి వరుసే తర్వాతి నాలుగింటిదీ. అందుకే పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్ని సగాలను పైనుంచి అడుగుకు పంపమన్నా వరుస చెదరదు. ఆ తర్వాత పైనున్న 3 సగాలను మధ్యలో పెట్టగానే, పైదీ అడుగుదీ ఒకే ముక్క సగాలవుతాయి. పైదాన్ని జేబులో దాచుకోమంటాం. మిగిలిన మెట్లన్నీ అడుగునున్న దాని జంటను చివరిదాకా కాపాడటానికే.

నాకు ఎంతో ఇష్టమైన మెట్టు ఆ తర్వాతిది. పైనుంచి ఒకటో, రెండో, మూడో పారేయమంటాను. ఎవరి దగ్గర ఎన్ని మిగిలాయో నాకు తెలియదు. అయినా అందరూ ఒక్కొక్కటిగా 7 సార్లు పైదాన్ని అడుగుకు పంపి, ఆపైన ఒకటి అడుగుకు, ఒకటి నేల మీదికి వేస్తూ పోతే, 4 మిగిలినా, 5 మిగిలినా, 6 మిగిలినా చేతిలో చివరిది ఆ జంటే. ఎన్నిసార్లు చేసినా ఈ లెక్క నాకు పాతబడలేదు.

ఇది తప్పేది లెక్కలో కాదు, సూచనల్లో. ‘మధ్యలో పెట్టండి’ అంటే కొందరు పైనే పెట్టేస్తారు. అందుకే ‘పైన కాదు, అడుగున కాదు, రెండింటి నడుమ’ అని చెప్పి, నా చేతిలోవి ఎత్తి చూపి, అందరూ పూర్తి చేసేదాకా ఆగుతాను. తొందరపడే మెజీషియన్‌కు ఈ అంశం పనికిరాదు. పెద్ద సభలో ఒకరిద్దరికి జత కుదరకపోవడం మామూలే. పక్కవాళ్ల కేకల్లో అది కలిసిపోతుంది. ఖర్చు మాత్రం ఉంది. 52 ముక్కల కట్ట 13 మందికే సరిపోతుంది, మళ్లీ వాడుకోవడం కుదరదు. ప్లాస్టిక్ ముక్కలు చిరగవు కాబట్టి పలుచని కాగితపువి తీసుకోవాలి.

రెండోది అమెరికన్ మెజీషియన్ నార్మన్ గిల్‌బ్రెత్ 1958లో వెలువరించిన సూత్రం. ఎరుపు, నలుపు ముక్కలను ఒకదాని తర్వాత ఒకటిగా ముందే పేర్చి, కట్టలోంచి కొన్నింటిని ఒక్కొక్కటిగా బల్ల మీద పరిచి, ఆ రెండు భాగాలను ప్రేక్షకుడి చేత ఒకదానిలోకి ఒకటి చొప్పించి కలిపిస్తాం. పైనుంచి రెండేసి చొప్పున తీస్తే ప్రతి జతలో ఒక ఎరుపు, ఒక నలుపు వస్తాయి. కలిపింది వాళ్లే కాబట్టి అనుమానానికి తావుండదు. కలపడం ఒక్కసారితో ఆగాలి, రెండోసారికి వరుస చెదురుతుంది. చేతుల్లో కలపడం రానివాళ్లు రెండు కట్టలను బల్ల మీద ఒకదానిలోకి ఒకటి నెట్టినా చాలు. ముందస్తు పేర్పు కావాలి కాబట్టి ‘ఇంకోసారి’ అని అడిగితే వెంటనే చేయలేం.

అమెరికన్ మెజీషియన్ పాల్ కరీ 1942లో అందించిన అంశంలో ప్రేక్షకుడు ముక్కలు చూడకుండానే పంచుతూ ఎరుపు, నలుపు వేరుచేస్తాడు. ఒక్క వ్యక్తి మీద ఇంత బలంగా పనిచేసేది నేను మరొకటి చూడలేదు. అయితే పంచేవాళ్లు నెమ్మదిస్తే మిగతావాళ్లు చల్లబడతారు, అందుకే సగం కట్టతోనే ముగిస్తాను.

21 ముక్కలను మూడు వరుసలుగా పంచి, ప్రేక్షకుడు తలచుకున్న ముక్కను కనిపెట్టే పాత అంశాన్ని మాత్రం సిఫారసు చేయను. మూడుసార్లు పంచడం విసుగు, ప్రేక్షకుడికి ఏ వరుసో చెప్పడం తప్ప పనేమీ ఉండదు.

ఒక్కటే ఎంచుకోవాలంటే చింపిన ముక్కల అంశాన్నే ఎంచుకోండి. వీడియో కాల్‌లోనూ అది చక్కగా సాగుతుంది. పేకలు లేనివాళ్లు 4 చీటీల మీద వేర్వేరు బొమ్మలు వేసుకుని చింపినా ఫలితం అదే. సూచనలను మాత్రం ముందు ఇద్దరి మీద ప్రయత్నించి, వాళ్లు ఎక్కడ ఆగి ప్రశ్న అడిగారో ఆ వాక్యాన్ని మార్చుకోండి.