నయీంనగర్ బైండింగు దుకాణం: ఐదుకు నాలుగు

ముందే చెబుతున్నాను, ఈ దుకాణం యజమాని నాకు చుట్టం కాదు, ఈ సమీక్ష ఆయన రాయించిందీ కాదు. ఇంత సంజాయిషీ ఎందుకంటే, నేను బైండింగుకు ఇచ్చిన కాగితాల్లోని పెద్దమనిషి ఆ పనే చేశాడు. కాలిక్యులస్ అనే, మారే రాశుల లెక్క న్యూటన్‌దా, జర్మన్ పండితుడు లైబ్నిజ్‌దా తేల్చడానికి 1712లో లండన్‌లోని శాస్త్రజ్ఞుల సభ రాయల్ సొసైటీ సంఘం వేసినప్పుడు ఆ సొసైటీ అధ్యక్షుడు న్యూటనే. నివేదిక చాలావరకు ఆయనే రాసుకున్నాడు. 1715లో దానికి తన పేరు పెట్టకుండా సమీక్ష కూడా ఆయనే రాసుకున్నాడు.

ఇక దుకాణం సంగతి. హనుమకొండ నయీంనగర్‌లో ఉంది. యూనివర్సిటీకి థీసిస్‌లు ఇచ్చే పిల్లలతో ఎప్పుడూ కిటకిటలాడుతుంది. నేను డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నా దగ్గరున్న న్యూటన్, లైబ్నిజ్‌ల పాత ఉత్తరాల సంకలనం కుట్లు ఊడి, అంచులు పొడిపొడిగా రాలుతోంది. పుట సంఖ్యలున్న మూలలే ముందు రాలిపోయాయి. జిరాక్సు తీసి, నల్ల కాలికో అట్టతో కుట్టమన్నాను. పుటకు రూపాయి, బైండింగుకు రెండు వందల ఇరవై.

జిరాక్సుకు నూటికి తొంభై వేస్తాను. పది ఎందుకు తగ్గించానంటే, గాజు మీది దుమ్ము అక్కడక్కడ చుక్కలుగా పడింది. న్యూటన్ గుర్తుల్లో రాశిని సూచించే అక్షరం మీద ఒక చుక్క ఉంటే అది మారే వేగం, రెండుంటే ఆ వేగం మారే వేగం. దుమ్ముతో ఆటలాడకూడదు.

యంత్రం దగ్గరి కుర్రాడు మాత్రం శ్రద్ధ గలవాడు. ఒకే పుటను మూడుసార్లు తీసి, "సార్, ఇక్కడ అక్షరాలు కలగాపులగంగా వస్తున్నాయి, తప్పు మిషన్‌ది కాదు" అంటూ వచ్చాడు. అది 1676 అక్టోబరు 24న న్యూటన్, రాయల్ సొసైటీ కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ ద్వారా లైబ్నిజ్‌కు పంపిన ఉత్తరం. అందులో తన పద్ధతిని చెప్పీ చెప్పకుండా, ఒక లాటిన్ వాక్యంలోని అక్షరాలను లెక్కపెట్టి పేర్చాడు: ఆరు 'ఎ'లు, రెండు 'సి'లు, ఒక 'డి', ఇంకొంచెం ముందుకు పోతే పదమూడు 'ఇ'లు. విప్పితే తేలేది ఇది: మారే రాశులున్న సమీకరణం ఇస్తే వాటి వేగాలు కనుక్కోవడం, వేగాలిస్తే రాశులు కనుక్కోవడం. మొదటిది అవకలనం, రెండోది సమాకలనం; కాలిక్యులస్‌లోని ఈ రెండూ ఆ మూటలోనే ఉన్నాయి. మా దగ్గర భూమి మధ్యవర్తులు బయానా ముట్టే దాకా సర్వే నంబరు చెప్పరు, అలాంటిదే. ఇదంతా వివరిస్తే కుర్రాడు, "అయితే తప్పు ఆయనదే సార్" అని మళ్లీ పనిలో పడ్డాడు.

దెబ్బ తిన్నది బైండింగులో. ఇంటికొచ్చి తెరిస్తే 1677 జూన్‌లో లైబ్నిజ్ రాసిన జవాబు ముందుంది, అది ఏ ఉత్తరానికి జవాబో ఆ అక్టోబరు ఉత్తరం వెనక ఉంది. వేరే పుస్తకమైతే సర్దుకుపోయేవాణ్ణి. ఈ తగాదా అంతా ఏ కాగితం ఎప్పుడు ఎవరి చేతికి వచ్చిందన్న దాని మీదే కదా! న్యూటన్ 1665-66లోనే పద్ధతి సాధించి అచ్చు వేయకుండా దాచుకున్నాడు. లైబ్నిజ్ 1684లో ప్రచురించాడు. ఉత్తరాలు చూసి కాపీ కొట్టాడని ఇంగ్లండు వాళ్లు నింద వేశారు. కానీ ఆయన 1675 అక్టోబరు 29నాటి రాతకాగితంలోనే పొడుగాటి 'ఎస్' సమాకలన గుర్తుగా కనిపిస్తుంది. పైగా అప్పటి ఇంగ్లండు క్యాలెండరు జర్మనీలోని హానోవర్‌లో లైబ్నిజ్ వాడిన దానికి పది రోజులు వెనక. తేదీలు చూసి చూసి నాకే తల తిరుగుతుంటే, పుటలు కూడా తారుమారైతే ఎలా?

తిరిగి తీసుకెళ్తే యజమాని ఒక్క మాట వాదించలేదు. నా కళ్లముందే దారాలు కోసి, పెన్సిల్‌తో అంకెలు వేయమని కాగితాలు నా చేతికిచ్చాడు. రెండు రోజుల్లో పైసా అడగకుండా మళ్లీ కుట్టాడు. అయితే అంచులు రెండోసారి కోయడంతో నేను వేసిన అంకెల్లో సగం కోత యంత్రం పాలయ్యాయి.

చివర్లో వెన్ను మీద బంగారు అక్షరాలు అద్దే ముందు అడిగాడు: "ఇద్దరిలో ఎవరి పేరు ముందు వేయాలి సార్?" ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ విద్యార్థీ నన్ను ఇంత ఇరకాటంలో పెట్టలేదు. ఆలోచించి, ఓల్డెన్‌బర్గ్ పేరు వేయించాను. ఉత్తరాలు అటూ ఇటూ చేరవేసింది ఆయనే. అక్షరానికి నాలుగు రూపాయలు తీసుకున్నాడు, ఒత్తులకు విడిగా లెక్క కట్టలేదు.